పెరట్లో బ్లూబర్డ్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

మేము నార్త్ కరోలినాలో ఉంటాం. కేరీలో అపార్ట్‌మెంట్ వదిలేసి, చాతమ్ కౌంటీలో పల్లె పక్కన రెండున్నర ఎకరాల్లో ఇల్లు తీసుకుని తొమ్మిదేళ్లయింది. ఆదివారం భోజనానికొచ్చే స్నేహితులు డెక్ మీద నిలబడి ఆ నీలం పిట్టను చూడగానే ప్రశ్నలు మొదలుపెడతారు. ఇంటికెళ్లాక వాట్సాప్‌లో ఫోటోలు పంపి ఇంకొన్ని అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా టైపు చేసే ఓపిక అయిపోయి అన్నీ ఒకచోట రాస్తున్నాను. ఇదంతా ఈస్టర్న్ బ్లూబర్డ్ గురించి. రాకీ పర్వతాలకు తూర్పున, కాస్త పచ్చిక, కాస్త ఖాళీ ఉన్న ఇంట్లో ఉండేవాళ్లకు పనికొస్తుంది.

బ్లూబర్డ్ అంటే మన పాలపిట్టేనా?

కాదు. తెలుగువాళ్లు ముందు అడిగేది ఇదే. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి, దసరా రోజు కనిపిస్తే మంచిదని వెతుక్కుంటూ వెళ్లేది. దానిది వేరే కుటుంబం. బ్లూబర్డ్ అమెరికా ఖండం దాటి ఎక్కడా ఉండదు. ఇక్కడి లాన్లలో వానపాములు లాగుతూ తిరిగే రాబిన్ ఉంది చూడండి, దానికి చుట్టం.

బ్లూబర్డ్‌లు మూడు రకాలు: ఈస్టర్న్, వెస్టర్న్, మౌంటెన్. మనకు కనిపించే ఈస్టర్న్ మన పిచ్చుక కంటే కాస్త పెద్దది, బరువు ముప్పై గ్రాములు. మగదానికి వీపు, రెక్కలు, తోక ముదురు నీలం, రొమ్ము ఇటుక రంగు, పొట్ట తెలుపు. ఆడది బూడిద రంగులో ఉండి, రెక్కలు విప్పినప్పుడు మాత్రం నీలం మెరుస్తుంది. ఈ నీలం రంగు పదార్థం వల్ల వచ్చింది కాదు. ఈక నిర్మాణంలో వెలుగు చెదిరి నీలంగా కనిపిస్తుంది. అందుకే మబ్బు పట్టినప్పుడు అదే పిట్ట మామూలు గోధుమ రంగు పిట్టలా అనిపించి, ఎండ పడగానే ఒక్కసారి వెలిగిపోతుంది.

తలమీద కుచ్చుతో, పెద్దగా అరుస్తూ, గింజల పళ్లెం దగ్గర అందరినీ తరిమేసే పెద్ద నీలం పక్షిని చూసి "మాకూ వచ్చింది బ్లూబర్డ్" అని ఫోటో పంపేవాళ్లు చాలామంది. అది బ్లూ జే. తమాషా ఏమిటంటే, ఇండియాలో ఇంగ్లీషువాళ్లు మన పాలపిట్టను కూడా బ్లూ జే అనే పిలిచేవారు.

మా ఇంటికి వస్తాయా? ఎంత స్థలం ఉండాలి?

ఎకరాల లెక్క కంటే స్థలం తీరు ముఖ్యం. పొట్టి గడ్డి, అక్కడక్కడా చెట్లు, కూర్చోడానికి ఒక కంచె తీగో ఎండు కొమ్మో ఉండాలి. దట్టమైన అడవి మధ్య ఇల్లయితే రావు. ఇల్లూ ఇల్లూ ఆనుకుని ఉండే కొత్త వెంచర్లలో కష్టం. పశువుల బీడు, గోల్ఫ్ మైదానం, చర్చి వెనక ఖాళీ స్థలం లాంటివి పక్కనుంటే అరెకరం ఇంటికి కూడా వస్తాయి.

అది వేటాడే పద్ధతి చూస్తే ఈ లెక్క అర్థమవుతుంది. కంచె తీగ మీద భుజాలు ముడుచుకుని, బస్సు కోసం ఎదురుచూసే ముసలాయనలా కదలకుండా కూర్చుంటుంది. యాభై అరవై అడుగుల దూరంలో గడ్డిలో మిడత కదిలితే చాలు, జారినట్టు దిగి, పట్టుకుని, మళ్లీ అదే తీగ మీదికి. గడ్డి మోకాలెత్తు ఉంటే దానికి నేల కనబడదు. తీగ లేకపోతే కూర్చోడానికి చోటుండదు. మా పెరట్లో తీగ లేని వైపు నేను ఆరడుగుల వెదురు కర్రలు మూడు పాతాను. వారం తిరక్కుండానే వాటి మీద కూర్చోవడం మొదలుపెట్టాయి.

అడవి పిట్టకు మనం ఇల్లు కట్టివ్వడం ఎందుకు?

బ్లూబర్డ్ తొర్రలో గూడు పెడుతుంది, కానీ తొర్ర తొలుచుకునే ముక్కు దానికి లేదు. వడ్రంగిపిట్ట వదిలేసిన తొర్ర, పుచ్చిన కంచె గుంజలో బొక్క, అలాంటివి వెతుక్కుంటుంది. ఇరవయ్యో శతాబ్దంలో ఎండిన చెట్లను శుభ్రంగా కొట్టేశారు. చెక్క గుంజలు పోయి ఇనుప గుంజలు వచ్చాయి. మిగిలిన కొద్ది తొర్రలకు యూరప్ నుంచి తెచ్చి వదిలిన రెండు పక్షులు పోటీకొచ్చాయి. 1850ల మొదట్లో బ్రూక్లిన్‌లో వదిలిన ఇంటి పిచ్చుక ఒకటి, 1890లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో వదిలిన స్టార్లింగ్ రెండోది. పురుగుమందులు సరేసరి. దాంతో బ్లూబర్డ్‌లు బాగా తగ్గిపోయాయి.

తిరిగి కోలుకోవడానికి పెద్ద ప్రభుత్వ పథకమేదీ కారణం కాదు, మామూలు మనుషులు కొట్టిన పెట్టెలు. ఇలినాయ్‌లోని క్విన్సీలో టి. ఇ. ముసెల్‌మన్ 1930లలోనే రోడ్డు వెంబడి వరసగా పెట్టెలు పెట్టాడు. లారెన్స్ జెలెనీ చొరవతో 1978లో నార్త్ అమెరికన్ బ్లూబర్డ్ సొసైటీ మొదలైంది. మా రాష్ట్రంలో బెయిలీ అనే ఊళ్లో నర్సరీ నడిపిన జాక్ ఫించ్ వేల పెట్టెలు చేయించి పంచాడు. ఫించ్ అన్నది కూడా ఒక పిట్ట పేరే, ఇంటిపేరు బాగా కుదిరింది.

ఎలాంటి పెట్టె కొనాలి?

నేను మొదట కొన్నది చెబుతాను, అది కొనకండి. ఓ పెద్ద స్టోర్లో ఎర్ర పెంకు, తెల్ల కిటికీ బొమ్మలు, గుమ్మం ముందు వాలడానికి చిన్న పుల్లతో ముచ్చటగా ఉంది. పిల్లలు ఎగిరి గంతేశారు. తలుపు లేదు, గాలి కన్నాలు లేవు, పలక పావు అంగుళం మందం. రెండేళ్లు ఖాళీగా ఉండి, కందిరీగలకు ఇల్లయింది.

పనికొచ్చే పెట్టె చూడటానికి బోసిగా ఉంటుంది. ముప్పావు అంగుళం మందమున్న సీడార్ లేదా పైన్ చెక్క. మందు పట్టించిన ట్రీటెడ్ చెక్క వద్దు. లోపల నేల నాలుగు నుంచి ఐదు అంగుళాల చదరం. గుమ్మం గుండ్రంగా సరిగ్గా ఒకటిన్నర అంగుళం, అంతకు మించకూడదు. మించితే స్టార్లింగ్ దూరుతుంది. మౌంటెన్ బ్లూబర్డ్ ఉండే పడమటి రాష్ట్రాల్లో మాత్రం ఇంకో పదహారో వంతు అంగుళం ఎక్కువ పెడతారు. గుమ్మం కింది అంచు నుంచి నేల దాకా ఆరేడు అంగుళాల లోతు. లోపలి వైపు చెక్క గరుకుగా ఉండాలి, లేకపోతే పిల్లలు ఎక్కి బయటకు రాలేవు. నున్నగా ఉంటే రంపంతో అడ్డ గీతలు గీయండి. పైన గాలి ఆడే సందు, నేల మూలల్లో నీరు పోయే కన్నాలు, గుమ్మం మీదికి బాగా ముందుకొచ్చిన కప్పు ఉండాలి. ఒక పక్క పలక తలుపులా తెరుచుకోవాలి. ఇది లేకపోతే మిగతావన్నీ ఉన్నా కొనకండి, ఎందుకో కింద చెబుతాను.

గుమ్మం ముందు పుల్ల అసలు వద్దు. బ్లూబర్డ్‌కు దానితో పనిలేదు. పిచ్చుక మాత్రం దాని మీద తీరిగ్గా కూర్చుని లోపల ఎవరున్నారో చూస్తుంది. రంగు వేయకపోవడమే మంచిది, వేయాలనిపిస్తే బయట మాత్రమే, లేత రంగు. ముదురు రంగు పెట్టె ఎండకు కాగుతుంది. లోపల 105 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే గుడ్లకు ముప్పు మొదలవుతుంది, మా జూలై ఎండకు పెట్టె అంత వేడెక్కడం పెద్ద విషయమేం కాదు.

చెట్టుకు కొట్టేస్తే సరిపోతుందా?

నేనూ అదే చేశాను. మంచి పెట్టె తెచ్చి ఓక్ చెట్టుకు మేకులతో కొట్టాను. ఐదు గుడ్లు పెట్టింది, ఐదూ పొదిగింది. పిల్లలకు పన్నెండు రోజులప్పుడు పొద్దున వెళ్లేసరికి తల్లీ తండ్రీ పెట్టె చుట్టూ గోల పెడుతున్నాయి. తలుపు తీశాను. లోపల నల్లగా, నిగనిగలాడుతూ, చుట్ట చుట్టుకుని ర్యాట్ స్నేక్. పొట్ట దగ్గర వరసగా ఉబ్బులు. అది విషం లేని పాము, ఎలుకలను తిని పెరటికి మేలు చేసేదే, దాన్ని ఏమీ చేయలేదు. చెట్టుకు పెట్టి దానికి మెట్లు వేసిచ్చింది నేనే.

అప్పటినుంచి నున్నటి ఇనుప గొట్టమే. హార్డ్‌వేర్ స్టోర్లో కరెంటు వైర్లకు అమ్మే కాండ్యూట్ పైపు చాలు. నేలలో ఒక రీబార్ ఊచ దిగ్గొట్టి, పైపును దాని మీద తొడగాలి. పైపుకు పెట్టె కింద బాఫిల్ పెట్టాలి. ఎనిమిది అంగుళాల వెడల్పు, రెండడుగుల పొడవున్న రేకు గొట్టం, పైన జాలీతో మూసి, గంటలా వేలాడదీసేది. పామైనా, గూళ్లు దోచే రకూన్ అనే జంతువైనా పైపు వెంట ఎక్కి దాని లోపలికి దూరి, పైకి దారిలేక దిగిపోతాయి. బాఫిల్ పెట్టాక ఇన్నేళ్లలో పాముకు ఒక్క గూడూ పోలేదు.

పెట్టె ఎత్తు నేల నుంచి ఐదడుగులు. ముఖం తూర్పుకు, ఎదురుగా ఖాళీ స్థలం. వందడుగుల లోపు ఒక చెట్టుండాలి, పిల్లలు మొదటిసారి ఎగిరి వాలడానికి. ఆ చెట్టు పెట్టెకు ఆనుకుని ఉంటే మళ్లీ పాముకు వంతెన అవుతుంది. రెండు పెట్టెలు పెట్టాలనుకుంటే మధ్య మూడు వందల అడుగుల దూరం ఉంచండి, బ్లూబర్డ్‌లకు ఇరుగుపొరుగు గిట్టదు.

ఎప్పుడు పెట్టాలి?

మా దగ్గర ఫిబ్రవరి మొదటి వారానికి సిద్ధంగా ఉండాలి. ఉత్తరాది వాళ్లకు మార్చి. ఆలస్యమైందని మానేయకండి, ఏడాదిలో రెండు మూడు కాన్పులు ఉంటాయి కాబట్టి మే నెలలో పెట్టినా రావచ్చు.

పిచ్చుకలు దూరుతున్నాయి. పోనీలే, అవీ పక్షులేగా?

అందరికంటే నాకు కష్టంగా అనిపించే ప్రశ్న ఇదే. మాది తెనాలి పక్క ఊరు. సంక్రాంతికి కొత్త ధాన్యం కంకులు కుచ్చుగా అల్లి వసారా దూలానికి కట్టేవాళ్లం, పిచ్చుకల కోసం. ఇప్పుడు ఊళ్లో పిచ్చుకలు తగ్గిపోయాయని, మార్చి 20న పిచ్చుకల దినం జరిపి అట్టపెట్టెలు పంచుతున్నారు. అలాంటి చోట పుట్టి, ఇక్కడ పిచ్చుక గూడు పీకి పారేస్తున్నాను.

మా అమ్మ ఆరు నెలలకని వచ్చినప్పుడు, నేను పెట్టె తెరిచి గడ్డి లాగేస్తుంటే చూసి నిలబడిపోయింది. "ఏమే, పిచ్చుక గూడు తీస్తున్నావా? చేతులెట్లా వస్తున్నాయే నీకు?" అంది. నేను ఏమీ చెప్పలేదు. అంతకు ముందు ఏడాది ఏప్రిల్లో తీసిన ఫోటో ఒకటి ఫోన్‌లో ఉంది, అది చూపించాను. ఐదు నీలం గుడ్లు. వాటి మీద ఆడ బ్లూబర్డ్ చచ్చిపడి ఉంది, నెత్తి మీద ఈకల్లేవు, ఎముక కనిపించేలా పొడిచి ఉంది. దాని మీదుగానే ఎండుగడ్డి పరిచి పిచ్చుక తన గూడు మొదలుపెట్టింది. అమ్మ ఆ ఫోటో చాలాసేపు చూసి, "మన ఊరి పిచ్చుకేనా ఇది?" అంది.

అదే పిచ్చుక. అక్కడ అది సొంత ఊళ్లో ఉంది. ఇక్కడ తొర్ర కోసం కొట్లాట, బ్లూబర్డ్ లోపల ఉన్నప్పుడు గుమ్మంలో అడ్డంగా వచ్చి చంపుతుంది. ఒకటిన్నర అంగుళం గుమ్మం స్టార్లింగ్‌ను ఆపుతుంది కానీ పిచ్చుకను ఆపదు. అది చిన్నది. అందుకే నా మాట ఒకటే: పెట్టె పెట్టి పట్టించుకోకపోతే పిచ్చుకల కోసమే పెట్టినట్టు. వారానికోసారి చూసే తీరిక లేకపోతే పెట్టకపోవడమే నయం.

ముందు గుర్తుపట్టడం నేర్చుకోండి. మగ ఇంటి పిచ్చుకకు గొంతు కింద నల్ల మచ్చ, నెత్తి బూడిద రంగు. పిచ్చుకల్లా కనిపించే ఇక్కడి పిట్టలు చాలా ఉన్నాయి, వాటికి చట్టం రక్షణ ఉంది, వాటి జోలికి పోకూడదు. ఇంటి పిచ్చుకకు, స్టార్లింగ్‌కు 1918 నాటి వలస పక్షుల చట్టం వర్తించదు. గూడును బట్టి కూడా తెలుస్తుంది. బ్లూబర్డ్ గూడు సన్నటి గడ్డితోనో పైన్ ఆకులతోనో చేసిన శుభ్రమైన దొప్ప. పిచ్చుకది గడ్డి, ఈకలు, ప్లాస్టిక్ పీలికలు కుక్కి కప్పుదాకా నింపిన చిందరవందర. గుడ్లు మచ్చలతో ఉంటాయి.

నేను పిచ్చుకను చంపను. బోను పెట్టేవాళ్లున్నారు, వాళ్లను తప్పు పట్టను. నేను చేసేది గూడు కట్టనివ్వకపోవడం, గడ్డి చేరిన రోజే తీసేయడం. పట్టుదలగా మళ్లీ మళ్లీ వస్తే రెండు వారాలు గుమ్మానికి చెక్క బిగించేస్తాను. చవకరకం గింజల మిశ్రమం ఆపేశాను, అందులోని జొన్నలు, పగలగొట్టిన మొక్కజొన్న పిచ్చుకలకు విందు. బ్లూబర్డ్ మొదటి గుడ్డు పెట్టగానే పెట్టె పైన పుల్లకు మెరిసే మైలార్ కాగితం పట్టీలు కట్టి, కప్పు మీద ఆడేలా వేలాడదీస్తాను. పుట్టినరోజు బెలూన్లు చించినా సరిపోతాయి. పిచ్చుక ఆ మెరుపుకు బెదురుతుంది. గుడ్డు పెట్టాక గనక బ్లూబర్డ్ వదిలిపోదు. పిల్లలు ఎగిరిపోగానే పట్టీలు తీసేయాలి, లేకపోతే పిచ్చుకలు అలవాటు పడిపోతాయి.

పెట్టె తెరిచి చూస్తే తల్లి వదిలేసి పోతుందంటారు కదా?

మనిషి వాసన తగిలితే పక్షి గూడు వదిలేస్తుందనేది మన ఊళ్లోనూ చెబుతారు, ఇక్కడా చెబుతారు. నిజం కాదు. వారానికోసారి, మధ్యాహ్నం, వాన లేనప్పుడు, ముందు పక్కన రెండుసార్లు తట్టి, ఒక నిమిషంలో చూసి మూసేయండి. పొద్దున వద్దు, గుడ్లు పెట్టేది అప్పుడే.

తేదీలు రాసుకోవడం అలవాటు చేసుకోండి. రోజుకో గుడ్డు. చివరిది పెట్టాకే పొదగడం మొదలుపెడుతుంది, అందుకే పిల్లలన్నీ దాదాపు ఒకేసారి బయటికొస్తాయి. ఉదాహరణకు మొదటి గుడ్డు ఏప్రిల్ 4న కనిపిస్తే, ఐదోది 8న. పదమూడు రోజులు లెక్కేస్తే 21 ప్రాంతంలో పిల్లలు. పదిహేడు పద్దెనిమిది రోజులకు, అంటే మే 8 లేదా 9కి ఎగిరిపోతాయి. మే 3 తర్వాత మాత్రం తలుపు ముట్టుకోకండి. పన్నెండు పదమూడు రోజులు దాటిన పిల్లలు బెదిరి, రెక్కలు పూర్తికాకుండానే దూకేస్తాయి.

పొదిగేది ఆడదే. మగది దానికి మేత తెచ్చి గుమ్మంలోంచి అందిస్తుంది. గూడు కట్టేటప్పుడు మగది ఒక గడ్డి పోచ పట్టుకొచ్చి గుమ్మం దగ్గర రెక్కలాడిస్తూ హడావిడి చేస్తుంది, అల్లేదంతా ఆడదే. మా ఆయన ఆ సీన్ చూసినప్పుడల్లా నావైపు చూడకుండా కాఫీ తాగుతాడు. పిల్లలు పుట్టాక మాత్రం ఇద్దరూ సమానంగా తిరుగుతారు. వెళ్లేటప్పుడు ముక్కున తెల్లటి చిన్న మూట పట్టుకుపోతుంటాయి, అది పిల్లల రెట్ట, పల్చటి పొరలో చుట్టి ఉంటుంది. దూరంగా తీసుకెళ్లి పారేస్తాయి. పెట్టె లోపల అందుకే అంత శుభ్రం.

గూడు తడిసినా, పిల్లల కింద బూడిద రంగు పురుగులు కనిపించినా గూడు మార్చాలి. బ్లోఫ్లై అనే ఈగ పిల్లపురుగులు రాత్రిళ్లు పక్షిపిల్లల రక్తం తాగుతాయి. ఎండిన సన్నగడ్డి దొప్పలా చేసి, పిల్లలను గిన్నెలోకి తీసి, పాత గూడు తీసేసి, కొత్తది పెట్టి పిల్లలను సర్దండి. నాకు మొదటిసారి చేతులు వణికాయి. తల్లి తీగ మీద కూర్చుని చూసింది, నేను పదడుగులు వెనక్కి రాగానే పురుగుతో లోపలికి దూరింది.

పిల్లలు ఎగిరిపోయాక పాత గూడు తీసి చెత్తలో వేయండి, పెట్టె కిందే పారేస్తే ఆ వాసనకు రకూన్లు వస్తాయి.

ఏం పెట్టాలి? మిగిలిన అన్నం వేయొచ్చా?

వేయకండి. కాకికి ముద్ద పెట్టినట్టు ఇక్కడ డెక్ మీద అన్నం వేస్తే వచ్చేది పిచ్చుకలు, స్టార్లింగ్‌లు, ఆ తర్వాత ఎలుకలు. బ్లూబర్డ్ గింజలు తినదు. దాని తిండి మిడతలు, కీచురాళ్లు, పేడపురుగులు, గొంగళిపురుగులు, సాలీళ్లు. చలికాలంలో చెట్ల మీది చిన్న పళ్లు.

మనం ఇవ్వగలిగేది మీల్‌వార్మ్‌లు. పెంకుపురుగుల పిల్లలు, పసుపు రంగులో అంగుళం పొడవుంటాయి, బతికున్నవే అమ్ముతారు. గోధుమ తవుడులో వేసి ఫ్రిజ్‌లో పెడితే నిద్రపోయినట్టుంటాయి. వారానికోసారి బయటికి తీసి, ఒక క్యారట్ ముక్క వేసి, రోజంతా ఉంచి మళ్లీ లోపల పెట్టాలి. డబ్బా మీద పెద్దక్షరాలతో రాయండి. మా ఇంట్లో ఇడ్లీ పిండి గిన్నె పక్కన మూత తీసి చూసిన చుట్టమొకరు ఆ రోజు టిఫిన్ తినలేదు. ఇప్పుడు గరాజ్‌లో వేరే చిన్న ఫ్రిజ్ ఉంది.

ఇవి చిరుతిండి, భోజనం కాదు. ఒక జంటకు పొద్దున పది పదిహేను, సాయంత్రం పది పదిహేను చాలు. వీటిలో కాల్షియం తక్కువ, గుడ్లు పెట్టే రోజుల్లో కాల్షియం కార్బొనేట్ పొడి చల్లి ఇవ్వండి. రోజూ ఒకే టైముకు, ఈల వేసి పెడితే రెండు వారాల్లో ఈల వినగానే వచ్చి కూర్చుంటాయి. ఊరెళ్లాల్సి వస్తే టెన్షన్ పడకండి, వాటి మేత అవి వెతుక్కోగలవు.

నీళ్లు మాత్రం ఏడాది పొడవునా కావాలి. రెండు అంగుళాలకు మించని లోతు, గరుకైన అడుగు ఉన్న పళ్లెం. మార్కెట్లో దొరికే నున్నటి గాజు పళ్లేల కంటే పూలకుండీ కింది మట్టి మూకుడు మేలు.

ఏ చెట్లు వేయాలి?

డాగ్‌వుడ్, ఈస్టర్న్ రెడ్ సీడార్, అమెరికన్ హాలీ, సుమాక్. ఈ నాలుగింట్లో ఏ రెండున్నా చలికాలం గడిచిపోతుంది. హాలీలో ఆడ చెట్టుకే పళ్లు, దగ్గర్లో మగ చెట్టు ఉండాలి, నర్సరీలో అడిగి తీసుకోండి. నందీనా వద్దు. ఎర్రటి గుత్తులు చూసి ఇంటి ముందు నాటేస్తుంటారు కానీ ఆ పళ్లలో సయనైడ్ పుట్టించే పదార్థాలున్నాయి. 2009లో జార్జియాలో వాటిని కడుపునిండా తిన్న సీడార్ వాక్స్‌వింగ్ పిట్టలు గుంపుగా చచ్చిపోయాయి. మా ఇంటి ముందున్న రెండు పొదలు ఆ సంగతి తెలిసిన వారమే తవ్వేశాం.

కూరగాయల మడికి మందు కొట్టకుండా ఎలా?

గోంగూర, వంగ, చిక్కుడు వేసేవాళ్ల బాధ నాకూ తెలుసు. కానీ మందు చల్లిన మడిలో పురుగును ఏరుకుపోయి పిల్ల నోట్లో పెట్టేది ఇదే పిట్ట. గూట్లో పిల్లలున్న రోజుల్లో ఒక్కటి చేయండి, కర్ర ఒకటి మడి మధ్యలో పాతి చూడండి. మా టమాటా మడిలో గొంగళిపురుగులు ఏరడం సగం వాటి పనే. మిగతా సగం సాయంత్రం సబ్బునీళ్ల గిన్నె పట్టుకుని నేను ఏరతాను. లాన్‌కు కలుపుమందు కొట్టే కంపెనీ కాంట్రాక్టు ఉంటే, అందులో పురుగుమందు కూడా కలిపి కొడుతున్నారేమో అడగండి.

పెట్టెలోకి వేరే పిట్టలు వచ్చాయి, తీసేయాలా?

ఇంటి పిచ్చుక, స్టార్లింగ్ తప్ప ఎవరినీ ముట్టుకోకూడదు, చట్టం ఒప్పుకోదు. నాచు పరిచి ఉంటే అది చికడీ. చిన్న పిట్ట, నెలరోజుల్లో పని చూసుకుని పోతుంది. ట్రీ స్వాలోలు వస్తే పదిహేను ఇరవై అడుగుల దూరంలో ఇంకో పెట్టె పెట్టండి. స్వాలో తన జాతిని దగ్గరకు రానివ్వదు, బ్లూబర్డ్‌ను మాత్రం రానిస్తుంది. కాబట్టి ఒకదాంట్లో అది, ఇంకోదాంట్లో ఇది సర్దుకుంటాయి. హౌస్ రెన్ అనే బుడ్డది మాత్రం బ్లూబర్డ్ గుడ్లకు కన్నాలు పొడిచి పారేస్తుంది. దాన్ని ఏమీ చేయలేం. అది పొదల్లో తిరిగేది కాబట్టి పెట్టెను పొదలకు దూరంగా పెట్టడమే మందు.

కారు అద్దాన్ని పొడుస్తోంది, పిచ్చి పట్టిందా?

అద్దంలో ఇంకో మగపక్షి ఉందనుకుంటోంది. వసంతంలో మామూలే. అద్దానికి పాత సాక్సు తొడగండి.

గుడ్లు నీలంగా లేవు, తెల్లగా ఉన్నాయి.

బ్లూబర్డ్‌వే. కొన్ని ఆడపిట్టలు తెల్ల గుడ్లే పెడతాయి.

పిల్ల కిందపడి ఉంది, ఇంట్లోకి తెచ్చి పెంచొచ్చా?

పెంచకూడదు, నేరం కూడా. ఈకలు రాకపోతే తీసి మళ్లీ గూట్లో పెట్టండి. ఈకలొచ్చి గెంతుతూ ఉంటే అది ఎగరడం నేర్చుకుంటోంది, తల్లిదండ్రులు పైనే ఎక్కడో ఉంటాయి. కాస్త దూరంగా వెళ్లి చూడండి. పిల్లిని ఇంట్లో కట్టడి చేయండి. గాయమైతే లైసెన్సున్న వైల్డ్‌లైఫ్ రిహాబిలిటేటర్‌కు ఫోన్ చేయాలి.

ఇండియాలో మా నాన్నగారి పెరట్లో ఇలాంటి పెట్టె పెడితే?

బ్లూబర్డ్ రాదు, కానీ తొర్ర వెతుక్కునే పిట్టలు మనకూ ఉన్నాయి. ఇదే పెట్టె, ఇదే గుమ్మం, పిచ్చుకలకు చక్కగా సరిపోతుంది. అమ్మ వెళ్లేటప్పుడు సూట్‌కేసులో ఒక పెట్టె పలకలు విడదీసి పెట్టించుకుంది. ఇప్పుడు వసారాలో ఉంది. పోయిన నెల వీడియో కాల్‌లో చూపించింది, గుమ్మంలోంచి గడ్డి బయటికి వేలాడుతోంది. ఇక్కడైతే ఆ గడ్డిని అప్పటికప్పుడు లాగేసేదాన్ని.

చలికాలంలో పెట్టె తీసేయాలా?

ఉంచండి. మా దగ్గర బ్లూబర్డ్‌లు ఏడాది పొడవునా ఉంటాయి, ఉత్తరాది నుంచి మరికొన్ని దిగుతాయి. చలి రాత్రుళ్లు పెట్టెల్లో పడుకుంటాయి. చివరి కాన్పు ఆగస్టులో అయిపోయాక గూడు తీసేసి, లోపల గీకి శుభ్రం చేసి, నవంబరులో పైన గాలి సందులకు ఫోమ్ పట్టీ కుక్కుతాను. మొన్న జనవరిలో మంచు పడిన సాయంత్రం వంటింటి కిటికీలోంచి లెక్కపెట్టాను, ఒక్క పెట్టెలోకి ఏడు దూరాయి. ఏడోది గుమ్మంలో తల పెట్టి, తోక బయట ఉండగా కాసేపు ఆగింది, లోపల సర్దుకుంటున్నారేమో. తర్వాత అదీ లోపలికి పోయింది. ఫిబ్రవరి మొదటి వారంలో ఫోమ్ తీసేసి, రెట్టలు గీకి, తలుపు స్క్రూకు ఒక చుక్క నూనె వేసి మూసేస్తాను.